ఆరు టన్నుల లారీని ఆపే గాలి బుడగ

ఒక పాత సైనిక లారీ నిలబడి ఉంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. ట్యాంకులో సగానికి పైగా డీజిలు ఉంది. బొత్తాం నొక్కితే ఇంజను గిర్రున తిరుగుతోంది, కాని అందుకోవడం లేదు. పొగగొట్టం నుంచి పొగ కూడా రావడం లేదు. కిందికి వంగి చూస్తే ఎక్కడా ఒక్క చుక్క కారిన జాడ లేదు. ఏదీ విరగలేదు, ఏదీ ఊడలేదు. మరి ఈ బండికి ఏమైంది?

మీ ఊళ్ళో ట్రాక్టరు గాని, పొలంలో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను గాని ఉంటే ఈ ప్రశ్నకు జవాబు మీరు వినే ఉంటారు. డీజిలు పూర్తిగా అయిపోయేదాకా నడిపిన ఇంజనులో మళ్ళీ డీజిలు పోసినంత మాత్రాన అది కదలదు. "ఎయిర్ పట్టింది" అంటాడు మెకానిక్కు. స్పానరుతో ఒక మరను కొంచెం వదులు చేస్తాడు. చేతి పంపు కొడతాడు. మొదట నురుగు వస్తుంది. నురుగు పోయి తేటగా డీజిలు వచ్చేదాకా ఆగి మర బిగిస్తాడు. ఇంజను అందుకుంటుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. గాలి లేకపోతే ఏ ఇంజనూ నడవదు కదా! మంట మండాలంటే గాలి కావలసిందే. అటువంటి గాలి ఇంజనుకు శత్రువు ఎలా అయింది? చుక్క కూడా కారని బండిలోకి ఆ గాలి ఏ దారిన వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, ఎంత పెద్ద డీజిల్ బండిలోనైనా ఇంధనం ఎక్కడ ఆగిపోయిందో వెదికి పట్టుకునే పద్ధతి మీకు తెలిసినట్లే.

మనం తీసుకున్న బండి

ఉదాహరణకు అమెరికా సైన్యం చాలా కాలం వాడిన ఎం35ఎ2 అనే లారీని తీసుకుందాం. ఈ తరగతి లారీలను 1950లో రియో అనే కంపెనీ తయారు చేయడం మొదలుపెట్టింది. రోడ్డు లేని చోట కూడా రెండున్నర అమెరికన్ టన్నులు, అంటే సుమారు 2,270 కిలోలు, మోయగలదు కనుక సైనికులు దీనిని 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అని పిలిచేవారు. పేకముక్కల్లో 'రెండు'ను ఇంగ్లీషులో డ్యూస్ అంటారు. ఆ ముద్దుపేరుకు అర్థం 'రెండున్నర' అనే. ఖాళీ బండి బరువే దాదాపు 6 టన్నులు. పది టైర్లు. ట్యాంకులో సుమారు 190 లీటర్ల ఇంధనం పడుతుంది.

1960ల నాటి ఎ2 రకానికి ఒక ప్రత్యేకత ఉంది. దాని ఆరు సిలిండర్ల ఇంజను డీజిలుతోనే కాక కిరోసిను వంటి ఇతర ఇంధనాలతోనూ నడిచేటట్లు తయారైంది. యుద్ధభూమిలో ఏది దొరికితే అది పోసి నడపాలి గదా! వియత్నాం యుద్ధంలో ఈ లారీలు బారులు బారులుగా సామగ్రి మోశాయి. అటువంటి బారులో ఒక్క లారీ ఆగితే దాని వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. ఇరుకు దారిలో అలా ఆగడం ప్రాణాపాయం. అందువల్ల లోపం ఎక్కడుందో త్వరగా కనిపెట్టడం డ్రైవరు శిక్షణలో ముఖ్యమైన భాగం.

ఈ ఇంజనుకూ మన దేశానికీ దూరపు చుట్టరికం ఉంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఒక యంత్రాల కర్మాగారంలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. ఆ కర్మాగారమే తరువాత 'మాన్' కంపెనీలో భాగమైంది. ఎం35ఎ2 ఇంజనులో ఇంధనాన్ని మండించే పద్ధతి మాన్ కంపెనీ రూపొందించినదే. మన సైన్యం కోసం 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన 'శక్తిమాన్' లారీ కూడా మాన్ కంపెనీ లైసెన్సుతో వచ్చిందే.

నిప్పురవ్వ లేని మంట

పెట్రోలు ఇంజనులో మంట అంటించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. మరి మంట ఎలా పుడుతుంది?

సైకిలు ట్యూబులోకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం ముట్టుకొని చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని వేగంగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను సిలిండరులో పిస్టను పైకి వచ్చినప్పుడు గాలి తన మొదటి ఘనపరిమాణంలో 20వ వంతు దాకా నలుగుతుంది. అప్పుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణాన ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మితే చాలు, తనంతట తానే అంటుకుంటుంది.

'సరిగ్గా ఆ క్షణాన', 'సన్నని తుంపరగా' అన్న మాటలు గుర్తుంచుకోండి. కష్టమంతా అక్కడే ఉంది. సిలిండరులో గాలి అప్పటికే గట్టిగా నలిగి ఉంది. దానిని ఎదిరించి ఇంధనం లోపలికి దూసుకుపోవాలి, అదీ తుంపరగా. అందుకు వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనం కావాలి. ఆ పీడనాన్ని కలిగించేది ఇంజక్షన్ పంపు. సిలిండరు తలపై కూర్చుని తుంపర చిమ్మేది ఇంజక్టరు. దానిలో ఒక సూదిని గట్టి స్ప్రింగు మూసి ఉంచుతుంది. కావలసిన పీడనం వచ్చేదాకా ఆ సూది లేవదు, చుక్క కూడా లోపలికి పోదు.

ఒక్కొక్కసారి ఒక్క చుక్క

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. గంటకు 18 లీటర్ల ఇంధనం ఖర్చవుతున్నదనుకుందాం.

నాలుగు ఘాతాల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి ఇంధనం తీసుకుంటుంది. అంటే నిమిషానికి 1,000 సార్లు. ఆరు సిలిండర్లకు కలిపి 6,000 సార్లు. గంటకు 18 లీటర్లంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లు. 300ను 6,000తో భాగిస్తే 0.05 మిల్లీలీటరు వస్తుంది.

0.05 మిల్లీలీటరు ఎంత? కంటిలో మందు వేసే గొట్టం నుంచి రాలే ఒక్క చుక్క! సరుకు నింపుకొని దూసుకుపోయే లారీ, ఒక్కొక్కసారి ఒక్కొక్క చుక్కతో నడుస్తున్నదన్న మాట. ఆ చుక్కను చిమ్మడానికి దొరికే వ్యవధి సెకనులో సుమారు 500వ వంతు మాత్రమే.

బుడగ చేసే పని

ఆ చుక్క చోటులో ఒక గాలి బుడగ చేరితే ఏమవుతుంది? మీరే ప్రయోగం చేసి చూడండి.

మందుల దుకాణం నుంచి కొత్త సిరంజి ఒకటి తెచ్చుకోండి. సూది అవసరం లేదు. సిరంజి నిండా నీళ్ళు పీల్చి, బుడగలన్నీ పోగొట్టి, మూతిని వేలితో గట్టిగా మూసి వెనకనుంచి నొక్కండి. రాయిని నొక్కినట్లుంటుంది. ఇప్పుడు నీళ్ళు తీసివేసి గాలి నింపి అలాగే నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. వదిలితే వెనక్కు తంతుంది. చివరగా సగం నీళ్ళు, సగం గాలి నింపి నొక్కి చూడండి. నలిగేది గాలి ఒక్కటే. నీళ్ళు ఎంత ఉన్నవో అంతే ఉన్నాయి.

ద్రవాలు సులభంగా నలగవు. వాతావరణ పీడనానికి 200 రెట్లు పీడనంతో నొక్కినా డీజిలు ఘనపరిమాణం నూటికి ఒకటి రెండు వంతులే తగ్గుతుంది. గాలి అయితే ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు 200వ వంతుకు తగ్గిపోతుంది. ఇది మీరు చదివిన బాయిలు నియమమే.

ఇంజక్షన్ పంపు ఒక్కొక్కసారి ముందుకు తోసేది ఒక్క చుక్క. పైపులో అంతే పరిమాణం గల గాలి బుడగ ఉంటే ఆ తోపు అంతా బుడగను నలపడానికే సరిపోతుంది. పంపు వెనక్కు రాగానే బుడగ మళ్ళీ ఉబ్బుతుంది. పీడనం 200 రెట్లకు చేరదు, ఇంజక్టరు సూది లేవదు. ఇంజను ఎన్నిసార్లు తిరిగినా అదే కథ. బ్యాటరీ మాత్రం నీరసిస్తుంది. సిలిండరులో ప్రాణం పోసే గాలి, పైపులో ప్రాణం తీసేది ఇందుకే.

కారని చిల్లు

రెండవ ప్రశ్నకు వద్దాం. కారడం లేదు గదా, మరి గాలి ఎలా చొరబడింది?

అదే సిరంజి మూతికి జానెడు పొడవున్న సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడగండి. గొట్టం మధ్యలో గుండుసూదితో ఒక చిల్లు పొడవండి. రెండవ కొనను గ్లాసులోని నీటిలో ముంచండి. చిల్లు మాత్రం నీటికి పైన ఉండాలి. సిరంజిని వెనక్కు లాగండి. నీటితోపాటు బుడగలు వరుసగా రావడం కనిపిస్తుంది. చిల్లును గమనించండి. అక్కడ ఒక్క నీటి చుక్క కూడా కారదు. ఇప్పుడు సిరంజిని ముందుకు తోయండి. చిల్లులోనుంచి నీరు దారంలాగా బయటికి చిమ్ముతుంది!

చిల్లు అదే, గొట్టం అదే. తేడా పీడనంలో ఉంది. పీల్చేటప్పుడు గొట్టం లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే తక్కువ. కనుక గాలి లోపలికి వస్తుంది, ద్రవం బయటికి రాదు. తోసేటప్పుడు లోపలి పీడనం ఎక్కువ. కనుక ద్రవం బయటికి వస్తుంది. పీల్చే గొట్టానికి పడిన చిల్లు పొడిగా ఉంటుంది, అందుకే కంటికి దొరకదు.

ట్యాంకులో పంపు ఎందుకు?

ఎం35ఎ2లో ఇంధనం ప్రయాణించే దారి చూడండి. ట్యాంకు లోపలే, ఇంధనంలో మునిగి, విద్యుత్తుతో నడిచే పంపు ఒకటి ఉంటుంది. అది ఇంధనాన్ని ఇంజను వైపు తోస్తుంది. దారిలో ఒకదాని తరువాత ఒకటిగా మూడు ఫిల్టర్లు ఉన్నాయి. ఇంజను పక్కన ఇంజక్షన్ పంపు ఉంది. దానికి అంటిపెట్టుకొని మరొక చిన్న పంపు ఉంటుంది. ఇంజను తిరిగితేనే అది తిరుగుతుంది. ఇంజక్షన్ పంపు నుంచి ఆరు సన్నని ఉక్కు పైపులు ఆరు ఇంజక్టర్లకు పోతాయి.

ఇంజను దగ్గర పీల్చడానికి ఒక పంపు ఉండగా ట్యాంకులో మరొకటి ఎందుకు? పై ప్రయోగం చేసినవారికి జవాబు తట్టే ఉంటుంది. ట్యాంకులోని పంపు తోస్తూ ఉన్నంతసేపు పైపులో పీడనం బయటికంటే ఎక్కువగా ఉంటుంది. గాలి చొరబడలేదు. ఎండకు, ఇంజను వేడికి తేలిక ఇంధనాలు పైపులోనే ఆవిరై బుడగలు కట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది. పీడనం పెరిగితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది గదా!

ఇందులో ఒక చిక్కు ఉంది. ట్యాంకులోని పంపు చెడిపోయినా బండి వెంటనే ఆగకపోవచ్చు. ఇంజను దగ్గరి పంపు పీల్చుకుంటూ ఎలాగో నెట్టుకొస్తుంది. డ్రైవరుకు ఏ తేడా తెలియదు. కాని తోసే పైపు కాస్తా పీల్చే పైపుగా మారిపోయింది! ఇంతకుముందు తడిగా కనిపించిన వదులు నట్టు ఇప్పుడు పొడిగా కనిపిస్తుంది. లీకు దానంతట అదే పోయిందని సంతోషిస్తే పొరపాటు. అది బయటికి కారడం మాని లోపలికి గాలి పీల్చడం మొదలుపెట్టింది. మొదట మనం చూసిన, చుక్క కూడా కారని లారీ కథ ఇదే కావచ్చు.

వెదికే పద్ధతి

తెలియని మెకానిక్కు ఊహమీద ఒక్కొక్క భాగమే మారుస్తూ పోతాడు. తెలిసినవాడు ముందు పరీక్షిస్తాడు, తరువాతనే విప్పుతాడు. పరీక్షకు కూడా ఒక క్రమం ఉంది.

నేను 1 నుంచి 100 లోపల ఒక సంఖ్య అనుకున్నాను. 'అవును', 'కాదు' అనే జవాబులు మాత్రమే చెబుతాను. ఒకటా, రెండా, మూడా అని అడుగుతూ పోతే మీకు 99 ప్రశ్నలు పట్టవచ్చు. "50 కంటే పెద్దదా?" అని మొదలుపెట్టి ప్రతిసారీ మిగిలిన దానిని సగం చేస్తూ పోతే 7 ప్రశ్నలు చాలు. లోపాన్ని కూడా ఇలాగే వెదకాలి. దారి మధ్యలో ఒకచోట పరీక్షిస్తే సగం దారి అనుమానం నుంచి తప్పుకుంటుంది.

మొదట పనిముట్లు అక్కరలేని పరీక్షలు. ఇంజను తిరుగుతుండగా పొగగొట్టం చూడండి. కాలని ఇంధనం తెల్లని పొగగా వస్తుంటే ఇంధనం సిలిండర్ల దాకా చేరుతున్నదన్న మాట. అప్పుడు లోపం వేరే ఉంది. సెల్ఫ్ మోటారు నెమ్మదిగా తిరగడమో, చలి ఎక్కువగా ఉండడమో, సిలిండరులో గాలి సరిగా నలగకపోవడమో కావచ్చు. పొగ అసలే రాకపోతే ఇంధనం అందడం లేదని అర్థం.

తరువాత ఇంజను ఆపే గుండీ చూడాలి. నిప్పురవ్వ లేని ఈ ఇంజనును తాళంచెవి తిప్పి ఆపలేం. ఇంధనం కట్టెయ్యాలి. అందుకు డ్రైవరు ముందు ఒక గుండీ ఉంటుంది. దాన్ని లాగి, మళ్ళీ లోపలికి నెట్టడం మరిచిపోతే ఎన్ని గంటలు తిప్పినా ఇంజను కదలదు. ఆ పైన ట్యాంకు. ముల్లు చూపేదాన్ని నమ్మకుండా శుభ్రమైన కర్ర ముంచి చూడాలి. ట్యాంకులోకి గాలి వచ్చే సన్నని దారి బురదతో మూసుకుపోయిందేమో చూడాలి. ఇంధనం ఖర్చయిన కొద్దీ దాని చోటులోకి గాలి రాకపోతే లోపల పీడనం తగ్గి, పంపు ఎంత లాగినా ఇంధనం రాదు. మూత వదులు చేసినప్పుడు 'సుయ్' మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్లే.

ఇప్పుడు స్విచ్చి వేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టాలి. లోపలి పంపు సన్నగా గుయ్యిమంటుంది. శబ్దం లేకపోతే పంపు చెడిపోయిందని వెంటనే తీర్మానించకూడదు. 24 వోల్టుల విద్యుత్తు అక్కడికి చేరుతున్నదా, తీగ కొనలు తుప్పు పట్టాయా అన్నది ముందు చూడాలి.

ఆ తరువాత దారి మధ్యలో చేసే పరీక్ష. మొదటి ఫిల్టరు అడుగున ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాని కింద తెల్ల గాజుసీసా పట్టి, స్విచ్చి వేసి, కుళాయి తిప్పాలి. ధార గట్టిగా వస్తే ట్యాంకు, ట్యాంకు పంపు, అక్కడిదాకా వచ్చే పైపు అన్నీ నిర్దోషులు. ఇక వెనక్కు తిరిగి చూడనక్కరలేదు. ధార సన్నగా వస్తే, అసలు రాకపోతే, ముందున్న ఏ భాగాన్నీ ముట్టుకోనక్కరలేదు. ఒక్క పరీక్షతో సగం బండి తప్పుకుంది!

సీసాను కాసేపు కదపకుండా ఉంచండి. డీజిలు నీటికంటే తేలిక. నీరు ఉంటే అడుగున వేరే పొరగా తేలిపోతుంది. నీరూ డీజిలూ కలిసేచోట కొన్ని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి తయారు చేసే నల్లని జిగురు ఫిల్టరును మూసివేస్తుంది. చాలాకాలం కదలకుండా నిలిచిన పాత బండ్లలో ఇది తరచుగా కనిపించే జబ్బు.

పంపు తోస్తున్నప్పుడే ప్రతి నట్టునూ, ప్రతి అతుకునూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి. పొడిగా దాక్కున్న చిల్లు ఇప్పుడు తడిగా బయటపడుతుంది. మన సిరంజి ప్రయోగాన్ని లారీమీద చేయడమే ఇది.

చిల్లు మూశాక లోపల చిక్కిన గాలిని బయటికి పంపాలి. బుడగలు పైకి తేలుతాయి కనుక గాలి వదిలే మర ఫిల్టరు పైభాగాన ఉంటుంది. దాన్ని వదులు చేసి, నురుగు ఆగి నిండు ధార వచ్చాక బిగించాలి. బిగించేటప్పుడు కూడా ధార వస్తూనే ఉండాలి. లేకపోతే గాలి మళ్ళీ దూరుతుంది.

ఇంత చేసినా ఇంజను అందుకోకపోతే చివరి పరీక్ష ఇంజక్టర్ల దగ్గర. ఒక ఇంజక్టరుకు పోయే పైపు నట్టును కొద్దిగా వదులు చేసి ఇంజను తిప్పిస్తే అక్కడ ఇంధనం ఉండి ఉండి ఉబకాలి. ఎక్కడా ఉబకకపోతేనే ఇంజక్షన్ పంపును అనుమానించాలి. ఈ లారీ ఇంజక్షన్ పంపులో ఆరు సిలిండర్లకూ కలిపి ఒకే ప్లంజరు ఉంటుంది. అది పైకీ కిందికీ ఆడుతూ, తన చుట్టూ తాను తిరుగుతూ, ఆరుగురికీ వరుసగా వడ్డిస్తుంది. చాలా ఏళ్ళు నిలిచిపోయిన బండిలో ఆ ప్లంజరు అంటుకుపోవచ్చు. బండి మొత్తంలో మరమ్మతుకు ఎక్కువ ఖర్చయ్యే భాగాలలో ఇదొకటి. అందుకే దీన్ని అన్నిటికంటే చివర విప్పాలి. మర వదులు చేస్తే పోయేదానికి పంపు విప్పడం ఎందుకు?

చేతులు జాగ్రత్త

ఈ చివరి పరీక్ష మెకానిక్కు చేయవలసినదే, మీరు చేయవలసినది కాదు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఇంజక్టరు చిమ్మే తుంపరకు గాని, ఉక్కు పైపుల పగుళ్ళకు గాని ఎన్నడూ చేయి అడ్డం పెట్టకూడదు. 200 రెట్ల పీడనంతో వచ్చే ఇంధనం చర్మాన్ని సూదిలాగా చీల్చి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయం కనిపిస్తుంది. మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. కాని లోపల కండ కుళ్ళడం మొదలవుతుంది. ఆలస్యమైతే వేలో, చేయో తీసివేయవలసి రావచ్చు. అటువంటి గాయం ఎంత చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి. "ఒత్తిడితో డీజిలు లోపలికి పోయింది" అని డాక్టరుకు తప్పక చెప్పాలి. మీ ఇంట్లో ట్రాక్టరు ఉంటే ఈ మాట ఈ రోజే పెద్దవాళ్ళకు చెప్పండి. ట్రాక్టరులోనూ ఇంధనం ఇలాగే గట్టి పీడనంతో వస్తుంది.

మీరే చెప్పండి

1. ఒక లారీ నేలమీద బాగానే నడుస్తోంది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం బలం తగ్గి ఆగిపోతోంది. లోపం ఏమై ఉండవచ్చు?

2. మరొక లారీ ప్రతి ఉదయం చాలాసేపు తిప్పితేగాని అందుకోదు. ఒకసారి అందుకుంటే సాయంత్రందాకా ఏ ఇబ్బందీ లేదు. ఎందుకు?

3. ఇంకొక లారీలో ఆరు సిలిండర్లలో ఐదు పనిచేస్తున్నాయి, ఒకటి పనిచేయడం లేదు. ట్యాంకు విప్పి చూడాలా?

జవాబులు చదివేముందు కాసేపు ఆలోచించండి.

జవాబులు

1. ఫిల్టరు సగం మూసుకుపోయి ఉండవచ్చు. సన్నగా వచ్చే కుళాయి గ్లాసును త్వరగానే నింపుతుంది, గంగాళాన్ని నింపడానికే చాలాసేపు పడుతుంది. నేలమీద కొద్ది ఇంధనం చాలు. ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ కావాలి, అప్పుడు లోపం బయటపడుతుంది.

2. పైపులో ఎక్కడో సూదిమొనంత చిల్లు ఉంది. రాత్రంతా ఆ చిల్లులోనుంచి గాలి నెమ్మదిగా లోపలికి వచ్చి, ఇంధనం వెనక్కు ట్యాంకులోకి జారిపోతోంది. ఉదయం ఆ ఖాళీ నిండేదాకా ఇంజను తిరగవలసిందే. స్విచ్చి వేసి, ట్యాంకు పంపు తోస్తుండగా గుడ్డతో తుడిచి చూస్తే చిల్లు దొరుకుతుంది.

3. అక్కరలేదు. ట్యాంకు, ఫిల్టర్లు, ఇంజక్షన్ పంపు ప్లంజరు ఆరు సిలిండర్లకూ ఉమ్మడి. వాటిలో లోపం ఉంటే ఆరూ బాధపడాలి. బాధపడేది ఒక్కటే కనుక ముందు ఆ ఒక్క పైపునూ, ఆ ఒక్క ఇంజక్టరునూ చూడాలి. ఈ జవాబు చెప్పడానికి మీకు స్పానరు కూడా అవసరం కాలేదు, గమనించారా?